బాపు డోలక్ వేగం

ఉదయం పదకొండు గంటలకు కరెంటు వచ్చింది. మా అన్న రెండు టేప్ డెక్కులూ ఆన్ చేసి, వేగం నిలకడ పడేదాకా వాటిని ఊరికే తిరగనిచ్చాడు. తొంభైల మొదటి సంవత్సరాలు అవి. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర అతనికి క్యాసెట్లు రికార్డు చేసే చిన్న షాపు ఉండేది. పెళ్లి బరాత్‌లో ఆడేవాళ్లు పాట మారేటప్పుడు ఆగిపోకూడదని, ఒక పాట ముగియకముందే దాని దరువు మీదికి ఇంకో పాటను తెచ్చి కలిపేవాడు. డెక్కు వెనక చిన్న రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మోటారు వేగం మారేది. వేగం పెంచితే గొంతు సన్నబడుతుంది, తగ్గిస్తే బొంగురుపోతుంది. అందుకని ముందుగా హార్మోనియం మెట్టు నొక్కి రెండు పాటల శ్రుతి చూసుకునేవాడు.

"దరువు ఒక్కటే కలుస్తె సాలదు చెల్లె, శ్రుతి గూడ కలవాలె. లేకుంటె ఇద్దరు కొట్లాడుకున్నట్టుంటది" అనేవాడు.

ఆ రోజు అతని ముందున్నవి పెళ్లి పాటలు కావు. ఒక క్యాసెట్‌లో బాపు డోలక్ ఉంది. నాన్నను మేం బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు కల్లు గీసేవాడు, శనివారం భజనలో డోలక్ వాయించేవాడు. కొత్త తోలు వేయించినప్పుడు ఎట్లా పలుకుతుందో చూద్దామని షాపులో కూర్చుని వాయిస్తే అన్న రికార్డు చేశాడు. ఆయన చేతుల చప్పుడు మాకు మిగిలింది అంతే. రెండో క్యాసెట్‌లో ఉన్నది, బాపు పోయాక భజన వాళ్లు తాళాలతో మాత్రమే పాడిన పాట. రెండూ కలిపి ఏడాది మాసికం నాడు వినిపించమని అవ్వ అడిగింది. ఇంకేమీ అడగలేదు.

బాపుది వేగం ఎక్కువ. పాడేవాళ్లది నింపాది. అన్న బాపు టేపును తగ్గించి పాటకు సరిపెట్టాడు. చాలాసేపటికి తాళం దెబ్బ, డోలక్ దెబ్బ ఒక్కచోట పడ్డాయి. అవ్వను పిలిచి వినిపించాడు.

"గిదేందిరా, తడిసిన డోలక్ లెక్క మోగుతున్నది?" అంది అవ్వ.

"వేగం తగ్గించిన గదనే. తగ్గిస్తె గట్లనే వస్తది."

"ఎందుకు తగ్గించినవ్? మీ బాపు ఎన్నడన్న తడిసిన డోలక్ ముట్టిండా? ఎండల పెట్టి, తాళ్లు బిగిచ్చినంకనే కూసుండేటోడు."

"అవ్వా, రెండిట్ల ఒకటన్న మారాలె."

"అయితె పాటనే ఆయిన ఎంబడి ఉరికియ్యి."

అన్న మళ్లీ మొదలుపెట్టాడు. బాపు డోలక్ ఒకే వేగంతో నడవదు. చివరికి వచ్చేసరికి తొందరపడుతుంది. బరాత్ పాటలకు చేసినట్టు ఒకసారి స్క్రూ తిప్పి వదిలేస్తే కుదరలేదు. బాపు టేపును అసలు వేగంలోనే వదిలి, పాట డెక్కు వెనక చేయి పెట్టి, డోలక్ తొందరపడినప్పుడల్లా పాటను కొంచెం కొంచెంగా తోస్తూ పోయాడు. శ్రుతి గురించి ఆ రోజు మాట్లాడలేదు.

మాసికం నాడు భోజనాలయ్యాక భజన వాళ్ల ముందు ఆ క్యాసెట్ పెట్టాడు. ఆ పాట పాడింది అవ్వ వాళ్ల అన్న, కొండపాక మామ. తన గొంతు విని నవ్వాడు.

"ఏమ్రా అల్లుడా, నా గొంతు గిట్ల పోరగాని లెక్క జేసినవ్? నాకు మల్ల పెండ్లి జేస్తవా ఏంది?"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"నీ గొంతుకేమైతదన్నా? నువ్వు ఉన్నవు గద."

చివర్లో డోలక్ తొందరపడినప్పుడు అవ్వ తల కొంచెం ఊపింది.

ప్రతి ఏడూ ఆ క్యాసెట్ పెట్టేవాళ్లం. కొన్నేళ్లకు అన్న పోయాడు. జ్వరమన్నారు, దవాఖానలో చేర్చాం, తిరిగి రాలేదు. కిరాయి షాపు ఖాళీ చేసి ఒక డెక్కు ఇంటికి తెచ్చుకున్నాం. ఆ ఏడు బాపు తిథికి క్యాసెట్ నేను పెట్టాను. లోపల బెల్టు సాగిందేమో, డోలక్ మెల్లగా, బరువుగా మోగింది. స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక రంధ్రంలో పెట్టాను. ఎంత తిప్పాలో తెలియాలంటే అసలు వేగం చెవిలో ఉండాలి. నాకు లేదు. ఎక్కువైంది, తగ్గింది, మళ్లీ ఎక్కువైంది.

"తెలుస్తలేదా బిడ్డా?" అంది అవ్వ.

"తెలుస్తలేదే. నువ్వు జెప్పు, ఇప్పుడు సరిపోయిందా?"

చాలాసేపు విన్నది.

"నాగ్గూడ యాదికొస్తలేదు" అని, తానే బటన్ నొక్కి ఆపేసింది.

అప్పటి నుంచి బాపు తిథికి మేము ఆ క్యాసెట్ పెట్టడం లేదు.