తెగిన చోటి నుంచే

ఆదివారం మధ్యాహ్నం పుట్టింట్లో పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ కోస్తుంటే ముందుగదిలోని పాత కంప్యూటర్ టక్కు టక్కుమంది, కత్తి వదిలేసి లేచాను. పిల్లలకు జ్వరం రాబోయే ముందు వాళ్ల ఊపిరి మారడం తల్లికి తెలిసినట్టే, హార్డ్ డిస్క్ పోయే ముందు చేసే చప్పుడు నాకు తెలుసు. మా బాపు మాత్రం తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, జంపఖానా నేతకు గీసే డిజైన్ అంచులో ఎర్ర గడులు నింపుకుంటున్నాడు. ఆయన ఇన్నేళ్లుగా గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి, వాటిని తెరిచే ప్రోగ్రాం కూడా ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది.

డిజైన్లనూ, ఆ ప్రోగ్రాం కోడ్‌నూ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని మా ఇంటికి తెచ్చాను. ఫోటోలు తీసి పెట్టుకో, ఆ ముసలి ప్రోగ్రాంతో ఎందుకు కొట్లాట అన్నాడు మా ఆయన. ఫోటోలో గడి మార్చడానికి రాదు. పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ ముందేసుకుని, ఆ ప్రోగ్రాంను దాంట్లో మళ్లీ తయారుచేస్తూ, అది నడుస్తున్నంతసేపూ ఇది రాస్తున్నాను.

నేను ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా బాపుకు చూపు మందగించింది. దవాఖానలో అద్దాలు మార్చినా, డిజైన్లు గీసే గళ్ల కాగితం మీది గడులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. డిజైన్ల పని ఇంకొకరికి ఇస్తామన్నారు చేనేత సొసైటీ వాళ్లు. గడులను తెర మీద ఎంత పెద్దవిగానైనా చూపించే ప్రోగ్రాం ఒకటి నెట్‌లో ఊరికే దొరికింది. దొరికిందంటే, బట్ట ఇవ్వకుండా నూలు చేతికిచ్చి నేసుకోమన్నట్టు, దాని కోడ్ మాత్రమే దొరికింది. దాన్ని మన కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాంగా మనమే తయారుచేసుకోవాలి, అంటే కంపైల్ చేసుకోవాలి. ఆ రోజుల్లో కంప్యూటర్లు చదివిన నా ఈడువాళ్లకు ఆ అవస్థ వేరే చెప్పనక్కరలేదు.

గంటల తరబడి తెర మీద అక్షరాలు పారి పారి, ఫలానా లైబ్రరీ, అంటే దానికి కావాల్సిన ఇంకో కోడ్ ముక్క, లేదంటూ ఆగిపోయేది. కాలేజీ ల్యాబ్‌లో వెతికి సీడీలో రాసుకొస్తే, ఆ లైబ్రరీ ఇంకోదాన్ని అడిగేది. మధ్యలో కరెంటు కోత. కూలర్ వేస్తే ఫ్యూజు కొట్టేస్తుందని అమ్మ ఆ ఎండాకాలమంతా విసనకర్రతోనే గడిపింది. ఆగిన ప్రతిసారీ నేను అప్పటిదాకా అయినదంతా చెరిపేసి మొదటి నుంచి నడిపేదాన్ని. ఎక్కడో తప్పు మిగిలిపోతుందని భయం. ఇప్పటికీ పిల్లల టిఫిన్ డబ్బా మూత రెండుసార్లు తీసి చూసే మనిషిని.

ఒకరోజు బాపు వెనక నిలబడి చూశాడు.

"మళ్ల మొదటికెందుకు పోతానవ్ బిడ్డా?"

ఆగిపోయిందని చెప్పాను.

"పోగు తెగితే అతుకేసి ఆడికెల్లే నేస్తం గని, నేసిన బట్టంత ఇప్పుతమా?"

"ఇంజనీరు సదువు సదివింది నువ్వా, అదా?" అంది అమ్మ వంటింట్లోంచి బాపుతో.

మగ్గం వేరు, కంప్యూటర్ వేరు అని ఇద్దరి మీదా విసుక్కున్నాను. ఆయన మాట తప్పు అని చూపించడానికే, ఏమీ చెరపకుండా నడిపాను. అది తయారైన ముక్కల జోలికి పోకుండా ఆగిన ఫైలు దగ్గరే మొదలైంది. అన్ని రోజుల పనిని నా చేతులతో నేనే విప్పుకున్నానన్నమాట. మర్నాడు మధ్యాహ్నం ప్రోగ్రాం తెరుచుకుంది. బాపు మౌసు పట్టుకుని ఒక గడిలో ఎరుపు నింపి, చాలాసేపు దాన్నే చూశాడు. సొసైటీ పని ఆయన దగ్గరే నిలిచింది.

ఇప్పుడు వేలితో నొక్కితే ప్రోగ్రాం వస్తుంది, మనల్ని అడగకుండానే మారుతుంది, ఒకనాడు చెప్పకుండా పోతుంది కూడా. సుఖంగానే ఉంది, కాదనను. కానీ తెగిన చోటు కనపడితేనే కదా అతుకు వేయగలం; ఆ చోటు మనకు చూపించేవాళ్లు తగ్గిపోయారు. ఈ రాత్రి నా ల్యాప్‌టాప్ కూడా, ఈ కోడ్ పాతబడింది, ఇలా రాయడం ఇప్పుడు చెల్లదు అంటూ వరసపెట్టి ఎర్రర్లు చూపిస్తోంది. చూపించనీ. ఒక్కో వరుస దిద్ది, ఆగిన చోటి నుంచే నడుపుతున్నాను. అక్కడ బాపు కంప్యూటర్ డిస్క్ ముందు పోతుందో, ఇక్కడ నేను ముందు గెలుస్తానో చూస్తాను.

రాస్తుండగానే తెల్లారింది. బడికి తయారయ్యేలోపు కాసేపు ఆడుకుందామని పిల్లలు ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి, ఇంకా అయిపోలేదా అని మూతి ముడిచారు.

"కాలే. తెగిన కాడల్ల అతికిస్తాన, నడుస్తాంది. మూత ముయ్యకుండ్రి, ప్లగ్గు తియ్యకుండ్రి. ఇయ్యాల ఇది మీది కాదు, తాతది" అన్నాను.