తల ఊపితే అర్థమైనట్టా?

మొన్న పనిమీద నగరి వెళ్ళి ఒక సందులో నడుస్తుంటే మరమగ్గాల చప్పుడు చెవులను కమ్మేసింది. రేకుల షెడ్డులో ఆ చివర ఒకామె, ఈ చివర ఒకాయన పెదవులతో, వేళ్ళతో తగువాడుకుంటున్నారు. ఆ హోరులో ఒక్క మాటా వినబడదు, తగువు మాత్రం దివ్యంగా సాగుతోంది. చూస్తూ అక్కడే నిలబడిపోయాను. తిరుపతి ఆసుపత్రిలో నాకు సర్జరీ నేర్పిన డాక్టర్ సులోచన మేడం ఇలాంటి షెడ్డులోనే పెరిగారు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో మా వార్డుకు మునిరత్నం అనే పెద్దాయన వచ్చారు. జన్మంతా మగ్గాల దగ్గరే గడిపిన మనిషి, చెవులు దాదాపు పోయాయి. షుగరు వల్ల కాలివేలికి పుండు పడింది. మర్నాడు దాన్ని శుభ్రం చెయ్యాలి. నేను మాస్కు తియ్యకుండానే ఆయన చెవి దగ్గర గొంతు చించుకుని అంతా చెప్పాను. మత్తు ఎంతవరకు ఉంటుందో ఆయన మోకాలి మీద చేత్తో గీసి చూపించాను. ఆయన జబ్బు సంగతి వార్డంతటికీ తెలిసిపోయింది, ఆయనకు తప్ప. ఆయన మాత్రం బుద్ధిగా తల ఊపారు.

సాయంత్రం మేడం వచ్చారు. ఆయన భుజం తట్టి, కిటికీ వెలుతురు తన ముఖం మీద పడేలా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. మాస్కు కిందికి లాగి, అరవకుండా, నిదానంగా అడిగారు.

"పెద్దాయనా, రేపు నీకేం చేస్తారో నువ్వే చెప్పు, సూస్తాను."

ఆయన అరచేతిని మోకాలి మీద అడ్డంగా ఆనించారు. "ఈడికి తీసేస్తారంట గదా తల్లీ. సరే అన్నాను. ఇంగేం చేసేది?"

కాలు పోతుందనుకుని, ఎవరికీ చెప్పుకోకుండా, ఆ మనిషి పొద్దుటినుంచి ఆ మంచం మీద పడుకుని ఉన్నాడు.

మేడం ఆయన కాలివేలు పట్టుకుని చూపించారు. "కాలు యాడికీ పోదు. ఈ పుండు కడిగి కట్టు కడతాం. మోకాలి దాకా మత్తు, అంతే." మళ్ళీ ఆయన చేతే చెప్పించారు. చెబుతూ చెబుతూ ఆయన ఏడ్చేశారు.

మీకెలా అనుమానం వచ్చిందని బయట అడిగాను. "మా షెడ్డులో తల ఊపితే అర్థమయిందని కాదప్పా, నువ్వు మాట్లాడేది సూస్తా ఉండానని" అన్నారు.

మేడం ఇప్పుడు లేరు. నాకు మాత్రం ఆ ఆరా తీసే అలవాటు అంటుకుంది. చెవులు బాగున్నవాళ్ళనూ వదలను, ఏం అర్థమైందో చెప్పమంటాను. వచ్చే జవాబులు ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తాయి. ఎవరు మనసులో ఏ కాలు పోగొట్టుకుని ఆ మంచం మీద పడుకున్నారో, అడగకపోతే తెలియదు.