మరవ మీద నాలుగడుగుల వరద

చుక్క వాన లేని రోజున, మిట్టమధ్యాహ్నం ఎండలో, వరద ముంచుకొస్తోందని మైకులో అరిచి ఒక ఊరు ఊరంతటినీ గుట్ట ఎక్కించిన ఘనుడెవరో తెలుసా మీకు? నేనే. అదీ ఎక్కడనుకున్నారు, అనంతపురం జిల్లాలో. ఆకాశంలో చారెడు మబ్బు కనిపిస్తే జనం చేతిలో పని ఆపి దాన్నే చూసే సీమలో. శింగనమల అవతల ఉన్న ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. ఆ దారిలో ఇప్పటికీ బండి మీద తిరుగుతుంటాను, నా ఎముకల మీద నాకింకా ఆశ ఉంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అనంతపురంలో ఒక ఎలక్ట్రికల్ షాపు పైగదిలో నడిచే చిన్న కంపెనీలో ఉద్యోగం. కంపెనీ అంటే ఓనరు, నేను, నాతోపాటు చేరిన రసూలు, ముగ్గురికీ కలిపి ఒక ఫ్యాను. చెరువులకు వరద హెచ్చరిక యంత్రం తయారుచేసే పని మాకు దొరికింది. నవ్వకండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. వాన లేదు వంక లేదు, వరదకు సైరన్ అన్నాం మేము. కానీ ఈ సీమ చెరువుల తీరే వేరు. ఏళ్ల తరబడి ఎండి ఉంటాయి, కట్టను ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడో ఒకసారి పైన వంక పొంగితే ఒక్క పూటలో నిండిపోతాయి. అప్పుడు కట్ట తెగిందంటే కింద ఊరు మిగలదు.

యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి గట్టును మరవ అంటారు. దాని మీద ఎత్తుగా ఒక ఇనుప స్తంభం నాటాం. స్తంభం పైన సోలార్ పలక, ఆ పలక అడుగున కిందికి చూసే సెన్సరు. అది కిందికి శబ్దం పంపుతుంది, ఆ శబ్దం ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి మరవ మీద నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో లెక్కగడుతుంది. మూడడుగులు దాటితే ఊళ్లో పంచాయతీ ఆఫీసు మీదున్న సైరన్ మోగుతుంది. ఆ లెక్కగట్టే ప్రోగ్రాం రాసింది నేను.

మనుషుల ప్రాణాలతో ముడిపడిన ప్రోగ్రాములకు ఒక పద్ధతి ఉంది. రాసేవాడు ఒకడు, చదివి తప్పులు పట్టేవాడు ఇంకొకడు, పరీక్షించేవాడు మరొకడు. ఏమేం వికటించవచ్చో ముందే కాగితం మీద పెట్టాలి. మా ఓనరు దానికోసం ఒక ఫారం కూడా అచ్చు వేయించాడు. నేను పది నిమిషాల్లో నింపేశాను. రాసినవారు, నేను. సరిచూసినవారు, నేను. పరీక్షించినవారు, నేను. తప్పు జరిగే అవకాశాలు, లేవు. పరీక్ష ఎక్కడ చేశానంటారా, మా గది బాత్రూంలో, బకెట్‌తో. కొళాయి తిప్పితే తెర మీద అంకె పెరుగుతుంటే నాకు కళ్లు చెమర్చాయి కూడా. కాకిపిల్ల కాకికి ముద్దు.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఆ వారం ఇంటికెళ్లి గొప్పలు చెప్పుకుంటే మగ్గం ఆపకుండానే విన్నాడు.

"నువ్వు రాసింది యెవరు సూసినార్రా?"

"నేనే నాయనా. రెండుసార్లు చూసుకున్నా."

"నేసినోని కంటికి తప్పు కనపడదురా. ఇన్నేండ్ల నుంచి నేస్తాండా, ఇప్పటికీ మగ్గం మీంచి చీర దించల్లంటే మీ యమ్మ సూడాల్సిందే."

"అది చీర నాయనా. ఇది ప్రోగ్రాం."

"అట్లనా," అని ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. ఆ "అట్లనా"లో ఉన్న వెటకారం నాకు అర్థం కావడానికి సరిగ్గా తొమ్మిది రోజులు పట్టింది.

తొమ్మిదో రోజున ఆ ఊరి పంచాయతీకి యంత్రం అప్పగించాలి. సర్పంచి లక్ష్మీదేవమ్మ, వార్డు సభ్యులు, ఒక పళ్లెం నిండా మిక్చరు, టేబులు మీద నా ల్యాప్‌టాప్. తలుపు పక్కన గోడకు ఆనుకుని నీరుగంటి ఓబులేసన్న నిలబడి ఉన్నాడు. చెరువు తూము తెరవడం, మూయడం, కట్ట చూసుకోవడం తాతల నాటి నుంచి వాళ్లింటి పని. చెరువులో నీళ్లు లేని ఏళ్లలో కూడా రోజూ పొద్దున కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. బొరియలు పూడ్చేవాడు, కంపచెట్లు కొట్టేవాడు. పంచాయతీ ఇచ్చే జీతం కొద్దిపాటిదే అయినా, అరవైకి దగ్గరపడుతున్న ఆ మనిషికి అదే ఆధారం.

అంతా బాగానే నడుస్తుండగా నా నోరు ఊరుకోలేదు.

"ఇకమీదట చెరువు దగ్గర మనిషితో పనిలేదక్కా. అంతా యంత్రమే చూసుకుంటుంది."

సర్పంచమ్మ ఓబులేసన్న వైపు చూడకుండా అడిగింది. "అట్లయితే వచ్చే నెల నుంచి ఓబులేసును మానిపించల్లంటావా అప్పా?"

"అది మీ ఇష్టం అక్కా. అవసరం మాత్రం లేదు."

ఓబులేసన్న తలపాగా విప్పి, దులిపి, మళ్లీ కట్టుకున్నాడు. "యంత్రం బాగా పనిచేస్తే ఊరికి మంచిదే కదమ్మా," అన్నాడు. ఆ ముఖం చూసి నా గుండెలో ఎక్కడో కలుక్కుమంది. నిజం చెప్పాలంటే ఆ కలుకు రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఎందుకంటే సర్పంచమ్మ తీర్మానం పుస్తకం తెరుస్తుండగా మా నెత్తిమీద సైరన్ మోగింది.

తెర మీద చూశాను. మరవ మీద నాలుగడుగుల మూడంగుళాల నీళ్లు.

బయట కళ్లు చెదిరే ఎండ. కోళ్లు కూడా నీడకు చేరాయి. బుద్ధున్నవాడెవడైనా ముందు కిటికీలోంచి ఆకాశం చూస్తాడు. నేను తెర చూశాను, ఇంకోసారి తెర చూశాను, గర్వంతో పొంగిపోయాను. అప్పగించిన రోజే నా యంత్రం ఊరిని కాపాడబోతోంది.

"ఇంజనీరప్పా, వాన యాడ పడింది?" ఓబులేసన్న అడిగాడు.

"పైన ఎక్కడో. కర్ణాటకలో పడి ఉంటుంది."

"వంక పారకుండా మరవ మీదికి నీళ్లు యెట్లొస్తాయప్పా? పొద్దున చెరువులో నడిచొచ్చినా. కాళ్లకు దుమ్మే అంటింది."

"పొద్దుటి సంగతి వేరు, ఇప్పటి సంగతి వేరు. యంత్రం అబద్ధం చెప్పదు."

"సరే, నేను పోయి సూసొస్తా."

"వద్దన్నా, కొట్టుకుపోతావు."

"దుమ్ములోనా?" అని ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నేను పంచాయతీ చేతిమైకు అందుకుని వీధిలోకి వచ్చాను. అక్కడ ఒక వింత. వరద సైరన్ మోగితే జనం ఎటు పరుగెత్తాలి? చెరువుకు దూరంగా. వీళ్లు చెరువు వైపే పరుగెడుతున్నారు, చంకల్లో బిందెలతో. నీళ్లు వచ్చాయంటే పట్టుకోవడమే తెలుసు గానీ పారిపోవడం ఆ ఊరికి అలవాటు లేదు. నా ప్రోగ్రాంలో ఈ సంగతి ఎక్కడా రాయలేదు.

"అటు పోకండి. వరద వస్తోంది. అందరూ గుట్ట ఎక్కండి," అని అరిచాను.

ఒక అవ్వ నా ముందుకొచ్చి బిందె కింద పెట్టింది. "నీళ్లొస్తాంటే గుట్టెక్కేది ఏంటికి నాయనా? ఎదురు పోవల్ల గానీ."

"మునిగిపోతావు అవ్వా."

"ఈ ఊర్లో నీళ్లలో మునిగి సచ్చిపోయినానంటే నా మనవళ్లు గొప్పగా సెప్పుకుంటారు, జరుగు."

ఆమెను నేనూ ఒక వార్డు సభ్యుడూ కలిసి మోశాం. మిగిలిన ఊరు నడిచింది. ఒకాయన మిక్సీ పట్టుకున్నాడు, ఒకామె గ్యాస్ సిలిండరు దొర్లించుకుంటూ వచ్చింది, సర్పంచమ్మ తీర్మానం పుస్తకం తెచ్చింది. ఎక్కాక చూస్తే గుట్ట మీద నీడ లేదు. రాళ్లు కాలుతున్నాయి. సైరన్ మాత్రం ఆగడం లేదు.

"దాన్ని ఆపప్పా, చెవులు పోతాండాయి," అంది సర్పంచమ్మ.

"ఆపే మీట లేదక్కా."

"ఏంటికి లేదు?"

"ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని పెట్టలేదు."

ఆమె నన్ను చూసిన చూపు వర్ణించను. అంతలో అవ్వకు ఎండదెబ్బకు కళ్లు తిరిగాయి. ఎవరో మజ్జిగ తాపారు, కొంగుతో విసిరారు. కాసేపటికి తేరుకుంది గానీ, ఆ కాసేపూ నా ప్రాణం నా చేతుల్లో లేదు. ఆమెకేమైనా అయితే అది వరద వల్ల కాదు, నా వల్ల. ఆ భయం నాకిప్పటికీ గుర్తుంది.

అప్పుడు ఫోను మోగింది. ఓబులేసన్న. ఊరంతా వినాలని ఫోనును మైకుకు ఆనించి పట్టుకున్నాను. ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయాల్లో అదే చివరిది.

"ఇంజనీరప్పా, మరవ కాడికి వచ్చినా."

"నీళ్లు ఎంతున్నాయన్నా?"

"నువ్వు సెప్పినంతే ఉండాయి. నాలుగడుగులు."

గుట్ట మీద జనం గుండెలు బాదుకున్నారు.

"ఏ రంగున్నాయి? ఎర్రగా ఉంటే పైనుంచి వచ్చిన కొత్త నీళ్లు."

"నల్లగా ఉండాయప్పా. నాలుగు కాళ్లుండాయి. తోక కూడా ఉండాది. నెమరేస్తాండాయి."

ఆ చెరువు మొత్తానికి ఆ వేళ ఉన్న నీడ ఒక్కటే, మా సోలార్ పలక నీడ. దాని కింద ఒక ఎనుము, అదే గేదె, వచ్చి నిలబడింది. నా సెన్సరు పంపిన శబ్దం దాని వీపుకు తగిలి తిరిగి వచ్చింది. క్షణం క్రితం దుమ్మున్న చోట క్షణంలో నాలుగడుగుల నీళ్లెలా వస్తాయని నా ప్రోగ్రాం ఒక్కసారి కూడా అడగలేదు. అడగమని నేను రాయలేదు.

"కొమ్ము ఇరిగిందేమో సూడు ఓబులేసూ," అని మైకులో అడిగింది సర్పంచమ్మ.

"ఇరిగిందమ్మా. ఎడమది."

"మాదే," అంది ఆమె.

ఓబులేసన్న ఎనుమును అదిలించాడు. సైరన్ ఆగింది. ఊరు గుట్ట దిగింది. ఎవరూ నన్ను కొట్టలేదు, అదే చిత్రం. అవ్వ మాత్రం ఖాళీ బిందె నా చేతికిచ్చి ఇంటిదాకా మోయించింది.

మర్నాడు ఓనరు నన్ను పిలిచాడు. నేను నింపిన ఫారం బల్ల మీద పెట్టి, "తప్పు జరిగే అవకాశాలు" అన్న గడి మీద వేలు పెట్టి చూపించాడు. తిట్టినా బాగుండేది.

నేను కొత్త ఫారం పట్టుకుని ఓబులేసన్న దగ్గరికి పోయాను. ఇద్దరం కట్ట మీద కూర్చున్నాం. ఏమేం జరగొచ్చో ఆయన చెబుతుంటే రాసుకున్నాను. ఎనుము నిలబడొచ్చు. గొర్రెల కాపరి స్తంభానికి కంబళి తగిలించొచ్చు. సాలెపురుగు సెన్సరు మూతికి గూడు కట్టొచ్చు. పిచ్చుక గూడు పెట్టొచ్చు. పిల్లోళ్లు రాయి గురి చూసి కొట్టొచ్చు. నాలుగేళ్ల ఇంజనీరింగు చదువులో నాకు ఒక్కటీ తట్టలేదు. ఆయన రెండు బీడీలు కాల్చేలోపు పేజీ నిండింది. ఇప్పుడు తలచుకుంటే నేను కూర్చున్న క్లాసుల్లోకెల్లా మంచిది అదే, ఆ కట్ట మీదిదే.

ప్రోగ్రాం మళ్లీ రాశాను. రసూలు దాన్ని చదివి ఇంకో ఐదు తప్పులు పట్టాడు, ఏడాదంతా ఆ ఐదింటినీ టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాడు. రెండో స్తంభం వేశాం. రెండూ ఒకే మాట చెబితేనే, అదీ కాసేపు నిలకడగా చెబితేనే సైరన్ మోగేలా చేశాం. ఆపే మీట పెట్టాం. మరవ మీద అడుగు దాటగానే ముందుగా ఒక చిన్న కూత పెట్టాం. చివరికి "పరీక్షించినవారు" అన్న గడి మిగిలింది. అది ఓబులేసన్న ముందు పెట్టాను.

"నీళ్లు సూపియ్యప్పా, సంతకం పెడతా."

"బకెట్‌తో చూపిస్తానన్నా."

"బకెట్లో ఊరు మునగదు కదప్పా."

ఆయన సంతకం లేనిదే అప్పగింత లేదు, అప్పగింత లేనిదే ఆయనను తీసేసే తీర్మానమూ లేదు. యంత్రం, మనిషి, ఊరు, నేను, అందరం వాన కోసం ఎదురుచూశాం. ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడు అక్టోబరులో ఒక పొద్దున ఫోను వచ్చింది.

"ఇంజనీరప్పా, బిన్నా రా. నీళ్లొచ్చినాయి. ఈ తూరి కాళ్లు లేవు."

రసూలును వెనక ఎక్కించుకుని తడుస్తూ బండి మీద పోయాను. అంత వాన ఆ దారిలో నేనెన్నడూ చూడలేదు. ఊరంతా కట్ట మీద ఉంది. మరవ మీద ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. ఆడవాళ్లు పసుపూ కుంకుమా చల్లి గంగమ్మకు కొబ్బరికాయ కొడుతున్నారు. ఎవరి ముఖంలో చూసినా నీళ్లే, వాన నీళ్లో మరేవో తెలియలేదు. నా ముఖం సంగతి నన్నడగకండి. దూరంగా ఊళ్లోంచి చిన్న కూత వినిపించింది.

ఓబులేసన్న గీతలు పెట్టిన వెదురు కర్రను నీళ్లలో దించాడు. "నీ దాంట్లో ఎంత?"

"అడుగున్నర."

"నా దాంట్లోనూ అంతే. ఇయ్యి కాగితం."

నేను కాగితం వెనక్కి లాక్కున్నాను. "అన్నా, నువ్వు సంతకం పెడితే నీ పని పోతుంది."

"సరిగ్గా ఉన్నదాన్ని సరిగ్గా లేదని యెట్ల సెప్పేదప్పా?" అని కాగితం లాక్కుని, గొడుగు కింద, రసూలు వీపు మీద పెట్టి సంతకం చేశాడు. చేసి ఆగాడు. కింద "ఇతర సూచనలు" అని ఒక ఖాళీ గడి కనిపించింది. అందులో ఒక్కో అక్షరం దిద్దుతూ ఏదో రాశాడు.

సర్పంచమ్మ తీసుకుని పైకి చదివింది. "యంత్రం బాగుంది. అయితే రోజూ పొద్దున ఒక మనిషి మరవ దాకా పోయి, కింద ఎనుము లేదని చూసి రావలెను."

ఆమె చదవడం ఆపి నన్ను చూసింది. "ఇది ఉండాల్సిందేనా అప్పా?"

"పరీక్షించినవారు రాశాక తప్పదక్కా. లేకుంటే యంత్రం చెల్లదు."

"రోజూ యెవరు పోతారు మరి?"

ఓబులేసన్న నీళ్లకేసి చూస్తూ అన్నాడు. "యెవరో ఒకరు పోవల్ల కదమ్మా. నేనే పోతాలే."

ఇప్పుడు నేను ఆసుపత్రి యంత్రాల ప్రోగ్రాములు సరిచూసే పని చేస్తున్నాను. ఎన్నో పరీక్ష పత్రాలు చదివాను గానీ, ఒక్క వాక్యంతో ఊరినీ తన ఉద్యోగాన్నీ కాపాడిన సూచన మరొకటి చూడలేదు. కనుక సభాముఖంగా, గంగమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను రాసినదానికి నేనే సంతకం పెట్టుకోను. తెర చూసే ముందు కిటికీ చూస్తాను. "మనిషితో పనిలేదు" అనే మాట, ముఖ్యంగా ఆ మనిషి గోడకు ఆనుకుని వింటుండగా, ఈ జన్మలో అనను. అన్నానంటే నన్ను మిట్టమధ్యాహ్నం ఆ గుట్ట ఎక్కించండి, చంకలో గ్యాస్ సిలిండరుతో.