మామ్మగారి అట్లతద్ది కేక

మా పక్కింటి మామ్మగారు పోయారు. కాలవలో నీళ్ళు తేటపడి, పొలాలు పొట్టకొచ్చిన ఈ ఆశ్వయుజంలోనే, దసరా వెళ్ళిన నాలుగో రోజున నిద్రలోనే వెళ్ళిపోయారు. మంచి మనిషని ఊరంతా అంటోంది. నిజమే. కానీ ఇరవై ఏళ్ళు ఆవిణ్ణి చూసి కుళ్ళుకున్నదాన్ని నేను. ఆ మాట దాచిపెట్టి పొగిడితే ఆవిడకే నవ్వొస్తుంది.

వానలు వెనకబట్టాయంటే మా అమ్మాయి ఇంట్లో ఆగేది కాదు. పొద్దున్నే గోడ దూకి ఆవిడ దగ్గరికే. పారిజాతాలు కోయకూడదు, రాలినవే ఏరాలని ఆవిడే నేర్పారు. సీతాఫలాన్ని బియ్యం డబ్బాలో ముగ్గేసి, రోజూ దాని చేత నొక్కించి, "ఇంకో పూట ఆగవే, తొందరపడితే చప్పగా ఉంటుంది" అనేవారు. నేను బజారు నుంచి బుట్టెడు పళ్ళు తెచ్చినా అది ముట్టేది కాదు. "మామ్మ పండే బావుంటుందమ్మా" అనేది. ఒళ్ళు మండిపోయేది నాకు. కన్నది నేను, కబుర్లన్నీ ఆవిడకా!

అట్లతద్దికైతే మరీను. ఆ రోజు ఆడపిల్లలు తెల్లారకముందే లేచి, గోంగూర పచ్చడితో, పెరుగుతో అన్నం తిని ఉయ్యాలలూగాలి. నేను పదిసార్లు లేపినా కదలని పిల్ల, గోడ అవతల నుంచి "లేవే తల్లీ, చుక్కలు వెళ్ళిపోతున్నాయి" అని ఆవిడ ఒక్క కేక వేస్తే దిగ్గున లేచి కూర్చునేది.

దాని తొమ్మిదో ఏట అట్లతద్దికి నా బుద్ధి గడ్డి తింది. ఆవిడ కేక వేసేలోపే గోడ దగ్గరికెళ్ళి, "దానికి జ్వరమండి, పడుకోనివ్వండి" అన్నాను. జ్వరమూ లేదు, ఏమీ లేదు. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "అలాగేనమ్మా" అని వెళ్ళిపోయారు. తెల్లారాక పిల్ల ఏడుస్తూ వెళితే, "నాకే మెలకువ రాలేదే, ముసలిదాన్ని కదా" అన్నారట. నా దగ్గర మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. నిష్ఠూరంగా ఒక్క మాట అనుంటే నా కుళ్ళుకి కాస్త ఆసరా దొరికేది.

నిన్న అట్లతద్ది. రాజమండ్రిలో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి వచ్చింది. తెల్లారకముందే దానంతట అదే లేచి, ఆవిడ వీధి అరుగు మీద కూర్చుంది. వెనకే వెళ్ళాను. ఇక ఆగలేకపోయాను.

"ఆ ఏడు మామ్మగారు నిన్ను లేపడానికి వచ్చారే. నేనే అబద్ధమాడి పంపేశాను."

అది నా వంక చూడలేదు.

"తెలుసమ్మా. అప్పటికే లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. అంతా వినపడింది. మామ్మ అలా చెప్పింది కదా అని నేనూ ఊరుకున్నాను."

ఇన్నేళ్ళూ ఇద్దరూ కలిసి నా పరువు కాపాడారన్నమాట. అందులోనూ నాకు చోటు లేదు. ఏడవాల్సిన చోట మళ్ళీ అసూయే వచ్చింది, ఏం చెయ్యను!

"కూర్చోమ్మా" అని అమ్మాయి పక్కకి జరిగింది. అరుగు చివర కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలింది.