మార్చి మూడున అందిన ఉత్తరం

ఇరవై తొమ్మిదేళ్లుగా హెస్టర్ లాథ్రప్ ఒక చనిపోయిన మనిషి ఉత్తరాలు చదివి పొట్ట పోసుకుంటోంది. అమెరికా పుట్టిన కొత్తలో పారిస్‌లో రాయబారిగా ఉన్న సైలస్ హార్‌గ్రోవ్ ఉత్తరాలు బోస్టన్ గ్రంథాలయంలో పెట్టెల నిండా ఉన్నాయి. వాటిని సంపుటాలుగా అచ్చువేసే వాళ్లలో ఆమె అందరికన్నా పాతకాపు. ఆయన దస్తూరీ తనకు కొట్టినపిండి అని నలుగురిలో చెప్పుకునేది కూడా.

ఆ ఉదయం తోటి సంపాదకుడు డ్వైట్‌తో జంట చదువు. అతను అచ్చుప్రతిని కామాలతో, చుక్కలతో సహా పైకి చదువుతుంటే ఆమె అసలు కాగితం మీద కళ్లతో వెంబడించాలి. అది పారిస్‌లో రాయబారి దగ్గర పనిచేసిన గుమాస్తా తన ఇంటికి రాసుకున్న ఉత్తరం. కూతురు పోయిందని అమెరికా నుంచి దొరసాని రాసిన జాబు మార్చి మూడున వచ్చిందనీ, దొర అప్పటికి బోర్డో ఊరు వెళ్లి ఉన్నారనీ, అంత చెడ్డ కబురు దారిలో పంపడానికి మనసొప్పక ఇరవై ఒకటిన ఆయన తిరిగొచ్చేదాకా తన దగ్గరే దాచాననీ అందులో ఉంది.

హెస్టర్ చెయ్యెత్తి చదువు ఆపించింది. దొరసాని జాబు వెనక ‘అందినది, మార్చి 3’ అని ఉన్నది రాయబారి స్వయంగా రాసిందేననీ, గుమాస్తా చేతిరాత కాదనీ ఐదో సంపుటంలో తేల్చింది తనే. మార్చి ఐదున ఆయన విందు గురించి, బాతు వేపుడు గురించి ఇంటికి హుషారుగా రాశాడు. బిడ్డ ఊసే లేదు. అప్పటినుంచి ఆయన కథ రాసిన ప్రతివాడూ రాతిగుండె మనిషి అనే రాశాడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది, వచ్చింది, కూర్చుంది, మళ్లీ లేచింది. పది రోజుల్లో పదవీ విరమణ. ఆమె పేరెత్తకుండా గుట్టుగా దిద్దేద్దామన్నారు పైవాళ్లు.

“ఇన్నేళ్లకి ఒక్క అంకె దగ్గర జారిపడ్డావు. నేను రోజుకి రెండు సార్లు పడతాను, ఎవరూ లేపను కూడా లేపరు” అన్నాడు డ్వైట్.

“నీ తప్పుకి ఎవరి గుండే రాయి కాలేదు, డ్వైట్.”

సవరణ కింద తన పేరే రాసింది. అయినా లోపల కుదురు రాలేదు. ఆ సంపుటం తయారైన ఏడాదే వాళ్లమ్మ పోయింది. బుధవారం హెస్టర్ ఆ కబురు రాసిన చీటీని తమ్ముడు వారెన్ ఇంటి తలుపు కింద తోసి వచ్చింది. గురువారం వాడు బేస్‌బాల్ ఆటలో ఈలలు వేస్తూ కనబడ్డాడని ఎవరో చెప్పారు. ఆ కోపంతోనే ఆమె ఆ అంకెను రెండోసారి చూడలేదు. ఆ కోపంతోనే వారెన్‌తో మాట మానేసింది.

సాయంత్రం ఫోన్ చేసింది.

“ఎవరు పోయారు?” అన్నాడు వారెన్.

“ఎవరూ పోలేదు. అమ్మ కబురు నీకు ఏ రోజు తెలిసింది?”

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినబడింది.

“శనివారం. అంతదాకా నేను ఇంటికే పోలేదు. నువ్వు అడుగుతావని చాలా ఏళ్లు ఎదురుచూశానక్కా.”