చిన్న సైజుల జాబితా

టేపక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, పెట్టినవాడు కళ్ళున్నవాడే. పొద్దున్నే మెడలో వేసుకున్న కొలత టేపు పడుకునే ముందు గాని తీసేది కాదు. సంతకి వెళ్ళినా అదే, పెళ్ళికి వెళ్ళినా అదే. ఒక పెళ్ళిలో ఫోటోలు తీసేవాడు "అమ్మా, ఆ పసుపు దండ కాస్త తీసేయండి" అన్నాడని ఇప్పటికీ వీధిలో చెప్పుకుని నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది. తీయదు మాత్రం.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి యూనిఫారాలు కుట్టే షాపులో ఆవిడ పని. పన్నెండు మిషన్లు, మధ్యలో పొడుగాటి కటింగ్ బల్ల. గుడ్డ తాన్లు విప్పి, నలభై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అట్ట నమూనాలు పెట్టి సుద్దతో గీసి, కరెంటు కత్తితో కోసేది ఆవిడే. ఇరవై రెండేళ్ళుగా నిలబడే పని కాబట్టి మోకాళ్ళు అరిగిపోయాయి. చేయి మాత్రం ఇప్పటికీ గీత దాటదు.

ఇంతకీ ఆవిడకి పేరొచ్చింది కోతలో కాదు, జాబితా చదవడంలో. ఏటా ప్రతి ఫ్యాక్టరీ నుంచీ సైజుల కాగితం వస్తుంది. ముప్పై ఆరు ఛాతీవి ఎన్ని, నలభైవి ఎన్ని, నలభై నాలుగువి ఎన్ని, అంతే. మనలాంటివాళ్ళకి అది ఉత్త కాగితం. ఆవిడకి అందులో మనుషులు కనపడతారు. కొత్తగా పనిలో చేరేవాడు కుర్రాడు, బక్కపలచగా ఉంటాడు, ముప్పై ఆరు చాలు. పదేళ్ళు పనిచేసి, పెళ్ళయి, కాస్త పొట్ట వచ్చినవాడు నలభై రెండు. జాబితాలో చిన్న సైజులు ఉన్నాయంటే కొత్తవాళ్ళని తీసుకుంటున్నారన్నమాట. లేవంటే గేటు మూసేశారన్నమాట.

ఇది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఒక్కసారిగా నాలుగు ఫ్యాక్టరీల కాగితాల్లో ముప్పై ఆరు గడి ఖాళీగా వచ్చింది. ఆవిడ ఇంటికొచ్చి మొగుడితో అంది. "ఏమండీ, ఏదో అవుతోంది. కుర్రాళ్ళని తీసుకోవడం మానేశారు."

"నీ మొహం! పొద్దున్నే టీవీలో చెప్పారు, అంతా బ్రహ్మాండంగా ఉందని. నీ సుద్దముక్కకి తెలిసింది వాళ్ళకి తెలీదా?" అన్నాడాయన.

మూడు నెలలకి షిఫ్టులు తగ్గాయి. ఆరు నెలలకి రెండు ఫ్యాక్టరీలు తాళాలు వేశాయి. పదో నెలలో గాని టీవీలో టై కట్టుకున్న పెద్దమనిషి గొంతు సవరించుకుని మాంద్యం వచ్చిందని చెప్పలేదు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. మళ్ళీ రెండేళ్ళకి ఒక కాగితంలో పదకొండు ముప్పై ఆరులు కనపడితే, "అయిపోయింది, ఇక పర్లేదు" అందావిడ. అదీ నిజమైంది. టీవీ పెద్దమనిషికి ఆ సంగతి తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

అప్పట్నుంచీ టేపక్క మాటంటే మాటే. ఇల్లు మారాలన్నా, పిల్లాణ్ణి ఏ పనిలో పెట్టాలన్నా వచ్చి అడిగేవాళ్ళు. "నేనేమన్నా జ్యోతిష్యురాలినా?" అని కసురుకునేది గాని, లోపల మురిసిపోయేది. ఎందుకు మురవదూ? బడికి పోని మనిషి మాట టీవీ కంటే ముందు నిజమైతే ఎవరికైనా కాస్త తలకెక్కుతుంది.

రెండేళ్ళ కిందట చిన్న సైజులు మళ్ళీ మాయమయ్యాయి. ఈసారి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఆవిడ చెప్పగానే జనం ఖర్చులు బిగపట్టారు. టేపక్క తమ్ముడు మోటార్ల ఫ్యాక్టరీలో రాగితీగ చుట్టే విభాగంలో పదిహేనేళ్ళుగా చేస్తున్నాడు. మంచి పనివాడు. కళ్ళు మూసుకుని తీగ చుట్టినా లెక్క తప్పదు. వాడికి వారంలో మూడు రోజులే పని దొరికేది. తక్కిన రోజులు ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీలు విప్పి బిగించేవాడు. చెడిపోనివి కూడా విప్పుతున్నాడని పెళ్ళాం మొత్తుకునేది.

అలాంటప్పుడు వాడికి ఊరి నీళ్ళ పంపుహౌస్‌లో మెకానిక్ ఉద్యోగం వచ్చింది. జీతం మూడో వంతు తక్కువ. కాని నీళ్ళు తాగడం ఎవరూ మానరు గదా, ఆ ఉద్యోగానికి ఢోకా లేదు. పదిహేను రోజుల్లో చేరతావో లేదో చెప్పమన్నారు. నలభై రెండేళ్ళు వచ్చిన మనిషికి ఇలాంటిది రెండోసారి రాదని వాడికీ తెలుసు. సరాసరి అక్క దగ్గరికి వచ్చాడు, పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకుని.

"నువ్వు చెప్పక్కా. చేరిపోనా, ఉండిపోనా?"

"వదినా, చేరమనే చెప్పండి," అంది మరదలు. "తక్కువైతే ఏమైంది, నెలనెలా వస్తుంది. ఈయన మీ మాట తప్ప ఎవరి మాటా వినరు."

టేపక్క తొందరపడలేదు. "వారం ఆగండి. ఈ ఏటి కాగితాలు రానివ్వండి," అంది.

ఐదో రోజున వచ్చింది కాగితం. మోటార్ల ఫ్యాక్టరీకే. అదే బూడిదరంగు చొక్కా, అదే నీలం కాలరు. ఆవిడ సైజుల గడులు చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది. మొత్తం రెండు వందల నలభై చొక్కాలు, రెండు దఫాలుగా. పదకొండు చూసి పండగ చేసుకున్న మనిషికి రెండు వందల నలభై! ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి ఆవిడకి.

నిజం చెప్పాలంటే ఆ ఆర్డర్లో ఆవిడ చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. చూసింది కూడా. ఎప్పుడూ వచ్చే ముసలి స్టోర్‌కీపరు రాలేదు, చేతిలో రెండు ఫోన్లు పట్టుకున్న కొత్త మనిషి ఎవడో తెచ్చాడు. గుడ్డ ఎప్పటి దళసరి నూలు కాదు, పలచటి రకం. జేబు మీద ఫ్యాక్టరీ పేరు కుట్టొద్దన్నారు. అన్నిటికంటే ముఖ్యం, నలభై దాటిన సైజు ఒక్కటంటే ఒక్కటి లేదు. పోయినసారి మంచిరోజులు వచ్చినప్పుడు చిన్నవాటి పక్కన పెద్దవీ ఉన్నాయి.

"పెద్ద సైజులు లేవేంటి సార్?" అని షాపు ఓనర్ని అడిగింది.

"పాతవాళ్ళకి పోయినేడు ఇచ్చినవి ఉన్నాయి గదమ్మా. మూడు రోజుల పనికి చొక్కాలేం చిరుగుతాయి?" అన్నాడాయన.

నిజమే కదా అనుకుంది. అనుకోవాలని అనుకుంది. తమ్ముడు పదిహేనేళ్ళ పనిని వదిలేసి, తక్కువ జీతానికి పంపుహౌస్‌లో వాల్వులు తిప్పుకోవడం ఆవిడకి మొదట్నుంచీ ఇష్టం లేదు. వాడి చేతిలో ఉన్న విద్య చూసి గర్వపడే మనిషి. ఇష్టమైన మాట కాగితంలో దొరికేసరికి ఇక వెతకడం మానేసింది.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళి చెప్పింది. "ఉండిపోరా. అయిపోయింది గడ్డుకాలం. రెండు వందల నలభై మంది కొత్తవాళ్ళు వస్తున్నారు మీ ఫ్యాక్టరీకి. అంతమందిని తీసుకుంటున్నారంటే నీలాంటివాడి అవసరం ఎంతుంటుందో ఆలోచించుకో."

మరదలు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తమ్ముడు మర్నాడే పంపుహౌస్‌కి వెళ్ళి, రానని రాసి సంతకం పెట్టి వచ్చాడు. వస్తూ వస్తూ అక్కకి చెప్పుల జత కొనుక్కొచ్చాడు, నిలబడే మనిషివి, మెత్తగా ఉంటాయని.

తొమ్మిది రోజులు హాయిగా గడిచాయి. మొదటి నూట ఇరవై చొక్కాలూ ఆవిడ ఎప్పుడూ లేనంత శ్రద్ధగా కోసింది. పలచటి గుడ్డ పొరలు జారుతుంటే బరువులు పెట్టి మరీ కోసింది. ఎవరి పిల్లలో, మొదటి ఉద్యోగం, చొక్కా సరిగా కూర్చోవాలి అని మిషన్లవాళ్ళకి కూడా చెప్పింది.

పదో రోజు పొద్దున రెండు ఫోన్ల మనిషి సరుకు పట్టుకెళ్ళడానికి వచ్చాడు. మూటలు వ్యాన్‌లోకి ఎక్కిస్తూ, "రెండో దఫా నెలాఖరుకి కావాలి. ఒక్క రోజు కూడా దాటకూడదు," అన్నాడు.

"అలాగే బాబూ. పాతవాళ్ళ కొలతలు ఎప్పుడిస్తారు మరి? అవీ కలిపి పరిస్తే గుడ్డ కలిసొస్తుంది," అంది టేపక్క.

ఆయన ఫోన్లోంచి తలెత్తి చూశాడు. వెక్కిరింపుగా ఏం కాదు, అర్థం కానట్టు చూశాడు.

"పాతవాళ్ళకి ఎందుకమ్మా?"

టేపక్క ఒక అడుగు ముందుకేసింది. "అదేంటి, వాళ్ళూ అక్కడే గదా పనిచేసేది..."

"నెలాఖరు దాకానే. తర్వాత ఆ తీగ చుట్టే విభాగమంతా మా కాంట్రాక్టుకి వస్తుంది. మా కుర్రాళ్ళు మాకున్నారు. జీతం సగం, గొడవ లేదు." చాలా మామూలుగా చెప్పాడు, బస్సు వేళ చెప్పినట్టు. "ఆర్డర్లు బాగా వస్తున్నాయి గదా ఇప్పుడు. మంచి రోజులొచ్చాయి."

వ్యాన్ వెళ్ళిపోయింది. మాంద్యం పోయిందన్న మాట తప్పు కాదు. ఆ మనిషే చెప్పాడు, మంచి రోజులొచ్చాయని. వచ్చాయి. తన తమ్ముడి కోసం మాత్రం రాలేదు. చిన్న సైజులంటే అదనంగా వచ్చే మనుషులనుకుంది ఇన్నేళ్ళూ. ఒకరి బదులు ఇంకొకరు అనే ఆలోచన ఆవిడ బుర్రకి తట్టనే లేదు. చేతులారా కోసింది, నూట ఇరవై! "ఎంత పని చేశానే తల్లీ!" అని బల్ల మీద తల పెట్టుకుని పైకే ఏడ్చింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఏడుస్తూ కూర్చునే మనిషి కాదావిడ. ముఖం కడుక్కుని, ఓనరుకి చెప్పకుండానే పంపుహౌస్‌కి బయల్దేరింది. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నిన్ననే ఇంకొకాయన చేరాడమ్మా. ఒక్క రోజు ముందొస్తే ఏమన్నా చూసేవాణ్ణి. మీవాడు సంతకం పెట్టి మరీ వద్దన్నాడు గదా?"

"వాడు వద్దనలేదయ్యా. నేను వద్దన్నాను," అంది టేపక్క.

ఇక మిగిలింది ఫ్యాక్టరీ గేటు. షిఫ్టు వదిలే వేళకి వెళ్ళి ఎదురుగా గోడ పక్కన నిలబడింది. ముందుగా కుర్రాళ్ళు వచ్చారు, గుంపులు గుంపులుగా. ఒంటి మీద తను కోసిన చొక్కాలు. భుజాల దగ్గర ముడత లేదు, కాలరు నిటారుగా నిలబడింది. ఇరవై రెండేళ్ళలో ఇంత బాగా కుదిరిన చొక్కాలు తను చూడలేదు. చూడలేక తల తిప్పుకుంది.

వాళ్ళ వెనక తమ్ముడు, చేతిలో క్యారేజీ. అక్కని చూసి ముఖం వెలిగిపోయింది.

"అక్కా! నీ మాట మళ్ళీ నిజమైంది! ఇవాళే దిగారు కొత్తవాళ్ళు. సూపర్‌వైజరు నన్నే పిలిచి, నీ అంత పనివాడు లేడు, వీళ్ళకి నువ్వే నేర్పాలి అన్నాడు. నెలాఖరుకల్లా చేయి తిరగాలట."

అంత సంతోషంగా వాణ్ణి రెండేళ్ళుగా చూడలేదు. చెప్పకుండా వెళ్ళిపోదామా అనిపించింది ఒక్క క్షణం. కాని చెప్పింది. పాతవాళ్ళకి ఎందుకమ్మా అన్న మాట దగ్గర్నుంచి, పంపుహౌస్ గుమాస్తా దాకా అంతా చెప్పింది. "నన్ను కొట్టరా. నీ నోటి దగ్గర కూడు నేనే లాగేశాను," అని వాడి చేయి పట్టుకుంది.

వాడు క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. దాటిపోతున్న కుర్రాళ్ళలో ఒకడు "వస్తాను అన్నా" అంటే, వాడికి తలూపాడు కూడా.

"నేర్పనని చెప్పెయ్," అంది టేపక్క.

"చెప్తే రేపే గేటు బయట. నేర్పితే నెలాఖరు దాకా జీతం." గొంతులో కోపం లేదు. అదే చూసి ఆవిడకి భయమేసింది. "మంచి పిల్లలే అక్కా. పాపం, చెప్తే వింటున్నారు."

ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. వీధి మలుపు తిరిగాక వాడే అడిగాడు.

"ఇంకా నూట ఇరవై ఉన్నాయన్నావు. అవీ నువ్వే కొయ్యాలా?"

"నేను కాకపోతే ఇంకొకరు. ఉన్న బల్ల కూడా పోగొట్టుకుంటే నిన్నెవరు చూస్తార్రా?"

"ఎప్పటికివ్వాలి?"

"నెలాఖరుకి."

తమ్ముడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అయితే మెల్లగా కొయ్యక్కా. నేనూ మెల్లగానే నేర్పుతాను."

"అలాగేరా," అంది టేపక్క. నూట ఇరవై చొక్కాలు కొయ్యడానికి కరెంటు కత్తికి ఒక్క పూట చాలని వాడికి చెప్పలేకపోయింది.