ఉష్, ఊకో

తల్లాడ దగ్గర మా పుట్టింట్లో మాట్లాడాలంటే వంతు కోసం కాచుకోవాల్సి వచ్చేది. పెదనాన్నలు, పిన్నమ్మలు, మేనత్తలు, మిరపకాయ ఏరడానికి వచ్చిన కూలీలు, అందరూ ఒక్కసారే మాట్లాడేవాళ్లు. వినేవాళ్లు మాత్రం ఎవరూ ఉండేవాళ్లు కాదు. అంత గోలలో పెరిగినదాన్ని, పెళ్లయ్యాక సారపాకలో రెండు గదుల కిరాయి ఇంట్లో పడ్డాను. ఎనభైల మొదట్లో మాట.

మా ఆయనకు వెదురు కూపుల్లో, అంటే అడవిలో నరుకుడుకిచ్చిన చోట్లలో, పని. అడవిలో నరికిన వెదురును లారీలకెత్తించి కాగితం మిల్లుకు పంపే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. సోమవారం పొద్దున్నే లారీ ఎక్కితే శనివారం సాయంత్రానికి ఒళ్లంతా దుమ్ముతో దిగేవారు. మధ్యలో ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఒక్కదానికి వంట ఎంతసేపు? పప్పు ఉడికిందా అని గిన్నెనే అడిగేదాన్ని. రేడియో ఉండేది గాని, అది చెప్పుకుపోతుందే తప్ప ఎదురు ఒక్క మాట అడగదు కదా.

ఒక ఆదివారం ఆయనతో, "ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానండీ" అన్నాను. నాకు తోచడం లేదని చెప్పాను. ఆయనకు మాత్రం భయమేస్తోందని వినిపించినట్టుంది. పై వారం లారీలోంచి తాడు పట్టుకుని ఒక కుక్కను దింపారు.

గోధుమరంగు కుక్క. దమ్మపేట అవతల ఆయన మేనమామగారి మొక్కజొన్న చేలో కావలి కాసేదట.

"అడవి పందుల్నే తరిమింది ఇది. ఇగ నీకేం భయం?" అన్నారు, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

నాకు కావలసింది పందుల్ని తరిమేది కాదని చెప్పలేదు. కుక్క కళ్లు నచ్చాయి. నేను మాట్లాడుతుంటే తల ఒక పక్కకు వాల్చి నా నోటివంకే చూసేది. అంత శ్రద్ధగా నా మాట విన్న ప్రాణి అప్పటిదాకా తగల్లేదు. దానికి పేరు పెట్టలేదు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం, "ఒరేయ్" అంటే నన్ను కాదని దానికి తెలుసు.

ఆ మురిపెం నాలుగు రోజులు కూడా నిలవలేదు. అది ఇల్లు పీకి పందిరేసింది. ఉన్నట్టుండి లేచి మంచం చుట్టూ పరుగు, మంచం మీదినుంచి దూకుడు, బిందెల మధ్య దూరడం, దండెం మీది చీర లాక్కుని పెరట్లోకి ఉరకడం. గోడను చూసి మొరిగేది. బియ్యం డబ్బా వెనక మూతి పెట్టి గీరేది.

ముందు వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. భర్త లేని పెద్దమనిషి, మాట కరుకు. నులకమంచం మీద ఆమె పెట్టుకున్న గుమ్మడి వడియాల మీదుగా ఇది అటొకసారి ఇటొకసారి పరుగెత్తింది.

"గిది కుక్కనా బిడ్డా, గాలిదుమారమా?" అంటూ వచ్చి నా గుమ్మం ముందు నిలబడింది. "ఉగాది దాంక సూస్త. గప్పటికీ గిట్లనే ఎగిరితే కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె."

ఆ శనివారం ఆయన సంగతి విని, "దీనికింత రాద్ధాంతం ఎందుకు? ఉగాదికి మళ్లీ దమ్మపేట పంపేద్దాం" అన్నారు, మంచం తిరగేసి పెట్టినంత తేలిగ్గా. కుక్క పోతే మళ్లీ నేనూ పప్పుగిన్నే మిగులుతాం.

ఇంక దాన్ని మచ్చిక చేయడమే పనిగా పెట్టుకున్నాను. వేడి చేసిందన్నారు, మజ్జిగన్నం పెట్టాను. దిష్టి అన్నారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఆ ఘాటుకు ఇద్దరం కలిసి దగ్గాం. ఒళ్లు అలిస్తే పడుకుంటుందన్నారు. గోదావరి ఒడ్డు పొడుగునా తిప్పుకొచ్చాను. నా కాళ్లు పీకాయి గాని దానికేం కాలేదు.

ఏం చేసినా చివరికి దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర మెల్లగా ఒకే మాట అనేదాన్ని. "ఉష్, ఊకో. ఊకో నాయనా."

అది మా ఇంటి మాట. కృష్ణానది అవతలి నుంచి వలస వచ్చిన మా నాయనమ్మ "ఊరుకో" అని నిండుగా పలికేదట. మా కాలానికి అది అరిగి అరిగి ఊకో అయింది. ఏడ్చే పిల్లలకూ, అలిగిన కోడళ్లకూ, చావింట్లో కూలబడిన వాళ్లకూ మా వాళ్ల దగ్గర ఉన్న మందు అదొక్కటే. నన్ను అత్తారింటికి పంపిన రోజున కారు కదిలేదాకా అమ్మ అన్నది కూడా అదే.

కుక్కకు మాత్రం అది పని చేసేది కాదు. నేనెంత ముద్దుగా అంటే అది అంత రెచ్చిపోయేది. చెవులు నిక్కపొడుచుకుని, నా చేతుల్లోంచి జారి, గది గదికీ ఉరికేది. అలిసిపోయి, నాలుక బయటపెట్టి, వచ్చి నా ముఖంలోకి చూసేది. నేను మళ్లీ "ఉష్, ఊకో" అనేదాన్ని. అది మళ్లీ లేచేది.

ఎండలు ముదరకముందే నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. దవాఖానాలో మాత్రలిచ్చి, కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు. ఎవరితో మాట్లాడతానని నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా పైకి రాలేదు.

ఆ రోజుల్లోనే కుక్క చల్లబడింది. మొదట కాసేపు నా నోటివంక చూసింది. ఏమీ రాకపోయేసరికి గడప మీద తల పెట్టి పడుకుంది. మర్నాడూ అంతే. ముందు వాటా పెద్దమ్మ వచ్చి, "సల్లబడ్డదే! ఏం జేసినవ్ బిడ్డా?" అని ముక్కున వేలేసుకుంది. నేను మజ్జిగ కుండ చూపించాను.

గొంతు తిరిగొచ్చిన పొద్దున ఆ సంతోషంలో దాన్ని దగ్గరకు తీసుకుని, అలవాటుకొద్దీ, "ఉష్, ఊకో నాయనా" అన్నాను. అంతే, వాకిట్లో ఎండబోసిన పెద్దమ్మ మిరపకాయలు నాలుగు దిక్కులా ఎగిరాయి.

అప్పుడు నాకు అర్థమైందనుకున్నాను. మజ్జిగా లేదు, దిష్టీ లేదు. దానికి నా గొంతే పడటం లేదు. నేను నోరు మూసుకుంటే అది కుదురుగా ఉంటుంది.

కుక్కను ఉంచుకున్నది మాట్లాడుకోవడానికి. అది ఉండాలంటే నేను మాట్లాడకూడదు. ఏం చేయాలో తేల్చుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. నోరు మూసుకున్నాను.

కొట్టుకు వెళ్తే సరుకు పేరు చెప్పేదాన్ని, అంతే. ఇంట్లోకి వస్తే అదీ లేదు. వెదురు లారీ పోతే గిన్నెలు అదిరేవి, మిల్లు సైరను మోగేది, మళ్లీ ఏమీ ఉండేది కాదు. కుక్క నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది. ఆ వెచ్చదనం బాగుండేది. కానీ ఒక్కోసారి లోపల మాటలు ఎంత పేరుకునేవంటే, తల దిండులో దూర్చి అమ్మా అని ఒక్కసారి అని వదిలేసేదాన్ని. అంత ఒంటరితనం ముందు కుక్క లేనప్పుడు కూడా ఎరగను.

శనివారం ఆయన వచ్చారు. "అరె, బుద్ధొచ్చిందే దీనికి!" అని మెచ్చుకున్నారు. స్నానం చేసి కూర్చున్నారు. వడ్డించాను. కూపులో లారీ దిగబడటం గురించి చెప్తూ తిన్నారు. పప్పు అయింది, పచ్చడి అయింది, పెరుగు దాకా వచ్చారు. తాను ఇంట్లోకొచ్చింది మొదలు నేను ఒక్క మాటా మాట్లాడలేదని ఆయన చూసుకోనేలేదు.

పెరుగు గరిటె చేతిలో ఉండగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. శబ్దం రాకుండా ఏడవడానికి చూశాను, కుదర్లేదు.

ఆయన కంగారుపడ్డారు. ఎంగిలి చెయ్యి కంచంలో పెట్టి, రెండో చెయ్యి నా భుజం మీద వేసి, "ఉష్, ఊకో. ఊకోవే" అన్నారు.

గడప మీది కుక్క కంచం మీదుగా దూకింది. గది చుట్టూ తిరిగి, బియ్యం డబ్బా వెనక మూతి పెట్టి, గోడను చూసి మొరిగింది.

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వారు. "ఉస్కో అన్ననుకున్నది! పంది కనబడితే తరమమని చేలో మేమంతా గట్లనే అంటుంటిమి. ఉస్కో, ఉస్కో అని. నువ్వూ దీంతోటి ఇదే అంటున్నవా ఏంది?"

తలూపాను. ఆయన కుక్కవైపు తిరిగి, "ఇగ సాలు" అన్నారు మామూలుగా. అది ఆగింది. వచ్చి కూర్చుంది.

నేను బుజ్జగిస్తున్నాననుకున్నాను. అది మాత్రం నేను పని చెప్పాననుకుని, ఆ రెండు గదుల్లో లేని పంది కోసం వెతుక్కుంది. ఎన్నిసార్లు చెప్తే అన్నిసార్లు లేచి వెతికింది. అన్నాళ్లూ అది నా మాట వింటూనే ఉంది. నవ్వొచ్చింది గాని, దాంతోపాటు ఏడుపు ఇంకా పెద్దదైంది.

ఆయన "ఉష్" అనబోయి టక్కున నోరు మూసుకున్నారు. కుక్కవంక చూశారు. నావంక చూశారు. ఆయనకు మరో మాట తెలియదు. మా ఇళ్లల్లో ఎవరికీ తెలియదు. కాసేపు కంచంలో మెతుకులు కెలికారు.

"ఏమైంది?" అని అడిగారు చివరికి.

పెళ్లయ్యాక నన్నెవరూ ఆ మాట అడగలేదు. మొదలుపెట్టాను. గిన్నెతో మాట్లాడటం దగ్గరనుంచి చెప్పాను. ఆయన చేతికి పెరుగన్నం ఎండిపోయేదాకా చెప్పాను. ఆయన మధ్యలో లేవలేదు, నన్ను ఆపలేదు.

ఉగాది వచ్చింది, పోయింది, కుక్క ఉండిపోయింది. "ఇగ సాలు" అనడం పెద్దమ్మ కూడా నేర్చుకుంది. మా ఇంట్లో ఊకో అనే మాట నిషిద్ధమైంది. వచ్చిన చుట్టాలకు గేటు దగ్గరే చెప్పేవాళ్లం. నేనెప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నా, వేరే దారి లేక ఆయన ఏమైందని అడిగేవారు. శనివారాలు తప్ప మిగతా రోజులు ఖాళీగానే గడిచాయి, అది మారలేదు. కుక్కతో మాట్లాడుకున్నాను. ముసలిదై, ఒక వానాకాలం, ఆయన ఇంట్లో ఉన్నప్పుడే అది పోయింది.

తొంభైల్లో ఆయనా పోయారు. కూపునుంచి జ్వరంతో దిగారు, మళ్లీ లేవలేదు. తల్లాడనుంచి మా వాళ్లంతా జీపులో వచ్చారు. అందరూ ఒక్కసారే మాట్లాడారు. పిన్నమ్మలు నా చుట్టూ కూర్చుని, వీపు నిమురుతూ, "ఉష్, ఊకో. ఊకో తల్లీ" అన్నారు. అన్నప్పుడల్లా నేను గడపవైపు చూశాను. ఏదీ దూకలేదు. ఏమైందని ఎవరూ అడగలేదు. ఏమైందో అందరికీ తెలుసు.